కాలిబ్రేషన్ ఎర్రర్ పోవడం లేదు, డీలర్ మీద కేసు వేయవచ్చా?

ప్రశ్న: హైదరాబాద్ డీలర్ ఒకరు మా ఇంటికి వచ్చి గది కొలతలు తీసుకుని, కొటేషన్ ఇచ్చి, 2025 ఆగస్టులో 5.1 హోమ్ థియేటర్ (ఐదు స్పీకర్లు, బాస్ శబ్దాలకు ఒక సబ్‌వూఫర్) అమర్చారు. సామానుకు రూ.3.40 లక్షలు అయింది. వైరింగ్‌కు, కాలిబ్రేషన్‌కు (గదికి తగ్గట్టు స్పీకర్ల శబ్దాన్ని సరిచేయడానికి) విడిగా రూ.15 వేలు యూపీఐలో తీసుకున్నారు, దానికి బిల్లు లేదు. రిసీవర్‌తో (స్పీకర్లన్నిటికీ శబ్దం పంపే పెట్టె) వచ్చిన మైకు పెట్టి కాలిబ్రేషన్ చేసిన ప్రతిసారీ ఎడమ సరౌండ్ స్పీకర్‌కు ‘ఫేజ్’ ఎర్రర్ వస్తోంది. సబ్‌వూఫర్ 10 అడుగుల దూరంలో ఉంటే 17 అడుగులని చూపిస్తోంది. డీలర్ ‘మీ గదిదే లోపం’ అంటున్నారు. బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’, ‘వివాదాలు హైదరాబాద్ పరిధిలోనే’ అని అచ్చు వేశారు. మొత్తం డబ్బు రాబట్టుకోవచ్చా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కేసు వేయవచ్చు. మొత్తం డబ్బు అడగాలా, రూ.15 వేలే అడగాలా అన్నది మాత్రం ఆ ఎర్రర్ ఎక్కడ పుడుతోందో తేలాకే చెప్పగలం. రిసీవర్‌లోనో స్పీకర్‌లోనో తప్పుంటే అది సరుకు లోపం, కంపెనీని కూడా కేసులో చేర్చాలి. తీగలు తప్పుగా కలిపి ఉంటే సేవా లోపం, దానికి డీలర్ ఒక్కరే జవాబుదారీ. చాలామంది స్క్రీన్ మీది ఎర్రర్ ఫోటో ఒక్కటే పట్టుకుని వస్తారు. ఏదో తేడా ఉందని అది చెబుతుంది, తప్పెవరిదో చెప్పదు.

సబ్‌వూఫర్ విషయం ఫిర్యాదులో రాయకండి. దాని లోపలి సర్క్యూట్ వల్ల శబ్దం కొంచెం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని రిసీవర్ దూరంగా లెక్కవేసి, అసలుకంటే ఎక్కువ అడుగులు చూపడం మామూలే. లోపం కానిదాన్ని లోపమని రాస్తే మిగతా ఫిర్యాదు మీద కూడా నమ్మకం పోతుంది.

ఫేజ్ ఎర్రర్ అంటే ఆ స్పీకర్ మిగతావాటికి వ్యతిరేకంగా కదులుతోందన్న హెచ్చరిక. దానికి సాధారణ కారణం ప్లస్, మైనస్ తీగలు తారుమారు కావడం. గోడలో వేసిన తీగకు మధ్యలో అతుకు ఉంటే అక్కడా అది జరగవచ్చు. అయితే కొన్ని స్పీకర్ల లోపలి అమరిక వల్ల తీగలు సరిగా ఉన్నా ఈ హెచ్చరిక వస్తుంది. తీగలు సరిచూశాక దాన్ని పట్టించుకోనక్కర్లేదని కొన్ని రిసీవర్ల మాన్యువల్‌లోనే ఉంటుంది. అవతలి లాయరు మొదట చూపించేది ఆ పేజీనే. మీ మాన్యువల్ ముందు మీరు చదవండి.

తర్వాత డీలర్‌తో సంబంధం లేని టెక్నీషియన్‌ని పిలిపించి పరీక్ష చేయించండి. ఏసీ, ఫ్యాను ఆపాలి. మైకును సోఫా మీద పడేయకుండా, కూర్చునే చోట చెవుల ఎత్తులో స్టాండుకు పెట్టాలి. పవర్ తీసేసి, రిసీవర్ వెనక ఎడమ, కుడి సరౌండ్ తీగలను ఒకదాని చోట ఒకటి పెట్టి మళ్లీ కాలిబ్రేషన్ నడపాలి. ఎర్రర్ ఎడమవైపే ఉండిపోతే అనుమానం రిసీవర్ మీదికి వెళుతుంది. కుడివైపుకు మారితే తప్పు తీగలోనో స్పీకర్‌లోనో ఉన్నట్టు. అప్పుడు తీగలు యథాస్థానంలో పెట్టి, స్పీకర్లనే అటూ ఇటూ మార్చి చూడాలి. స్పీకర్‌తో పాటు ఎర్రర్ కదిలితే స్పీకర్‌ది, కదలకపోతే గోడలోని తీగది. ఇదంతా వీడియో తీయించి, టెక్నీషియన్ సంతకంతో నివేదిక, అఫిడవిట్ తీసుకోండి. ఫలానా రోజు ఈ పరీక్ష చేయిస్తున్నామని డీలర్‌కు ముందే రాతపూర్వకంగా చెప్పండి, లేకపోతే తీగలు మీరే కెలికారంటారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్ సరుకును ల్యాబ్‌కు పంపగలదు. కానీ మీ గోడలోని తీగను ఏ ల్యాబ్‌కూ పంపలేం. అందుకే ఈ నివేదిక మీద ఇంత పట్టుబడుతున్నాను.

‘గది లోపం’ అనే వాదన మీ విషయంలో బలహీనం. డీలరే వచ్చి కొలతలు తీసుకుని, ఆ గదికే కొటేషన్ ఇచ్చారు. ఆ కాగితం భద్రంగా ఉంచండి. అమర్చిన తర్వాత మీరు గాజు తలుపు పెట్టించడం, స్పీకర్లు జరపడం లాంటివి చేసి ఉంటే మాత్రం మీ లాయరుకు దాచకుండా చెప్పండి.

బిల్లు మీది అచ్చుకు భయపడనక్కర్లేదు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకోకపోవడాన్ని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతిగా చూస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే. మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకునే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది. రూ.15 వేలకు యూపీఐ రికార్డు, వాట్సాప్ సంభాషణ చాలు. వాటికి భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జతచేయండి.

నివేదిక చేతికొచ్చాక 15 రోజుల గడువుతో డీలర్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫిర్యాదు చేయండి, కొన్నిసార్లు అక్కడే తెగిపోతుంది. తెగకపోతే వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో దాఖలు చేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపే కనుక కోర్టు ఫీజు లేదు. తప్పు తీగదని తేలితే వైరింగ్ సరిచేయడం, రూ.15 వేలు వాపసు, టెక్నీషియన్ ఖర్చు, కేసు ఖర్చులు అడగండి. పనిచేస్తున్న సామానుకు రూ.3.40 లక్షలు అడిగితే కమిషన్ ఒప్పుకోవడం కష్టం. రిసీవర్‌దో స్పీకర్‌దో అయితే ఆ వస్తువు మార్పిడి గానీ, దాని ధర గానీ కోరవచ్చు. సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. అమర్చిన రోజు నుంచే లెక్క వేసుకుని 2027 ఆగస్టు లోపు దాఖలు చేయండి. హెల్ప్‌లైన్‌లో మాటలు నడుస్తున్నాయని ఆ గడువు ఆగదు.