ఎఫ్‌డీ తీసేసి అడ్మిరల్ బొమ్మలు కొనమంటారా?

ప్రశ్న: నా వయసు 52. మర్చంట్ నేవీలో చీఫ్ ఇంజనీరుని. పుట్టింది విశాఖ వన్‌టౌన్‌లో, ఇరవై ఏళ్లుగా ఉంటున్నది చెన్నై వేళచ్చేరిలో. సొంత ఫ్లాట్, గ్రౌండ్ ఫ్లోర్. హోమ్‌లోన్ ఇంకా 11 లక్షలుంది. ఎన్‌ఆర్‌ఈ (ప్రవాస భారతీయుల ఖాతా) ఫిక్స్‌డ్ డిపాజిట్లు 85 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు కోటీ పది లక్షలు. నెల ఖర్చు 80 వేలు. ఏటా 24 లక్షల దాకా మిగులుతోంది. అమ్మాయి బీటెక్ ఆఖరి ఏడాది, అబ్బాయి పదో తరగతి. ఇద్దరి చదువులకూ పెళ్లిళ్లకూ కలిపి 40 లక్షలు అనుకుంటున్నాం. రెండేళ్లలో ఓడ దిగేయాలని ఉంది.

నాకున్న ఒకే ఒక్క సరదా పాతకాలపు ఇంగ్లిష్ నౌకాదళ అధికారుల, యుద్ధనౌకల ఎన్‌గ్రేవింగ్ ప్రింట్లు, అంటే లోహపు రేకు మీద చెక్కి కాగితం మీద అచ్చువేసిన బొమ్మలు, సేకరించడం. ఓడ ఏ రేవులో ఆగినా పాత పుస్తకాల షాపులు వెతుక్కుంటూ వెళ్తాను. మొదట కొన్నది విశాఖ రేవులో జరిగిన యుద్ధం బొమ్మ. డెబ్భై దాకా పోగయ్యాయి, 14 లక్షలైంది. కొన్ని బయటి గోడకు తగిలించాను, మిగతావి మంచం కింద ట్రంకుపెట్టెలో ఉన్నాయి. అమ్మాయికీ ఓడలంటే ఇష్టం. అవసరమైతే లండన్ వేలంలో పెట్టేస్తా. వాటి విలువ ఇప్పుడు 25 లక్షలని నా రిటైర్మెంట్ లెక్కలో వేసుకున్నాను. బెంగళూరులో ఒకాయన 38 ప్రింట్ల ఆల్బమ్ 9 లక్షలకు ఇస్తానంటున్నాడు. ఐదేళ్లలో రెట్టింపు ఖాయమట, అమ్మినా పన్నుండదట, క్యాష్ ఇస్తే యాభై వేలు తగ్గిస్తాడట. జాబితా, ఫొటోలు జత చేశాను. ఒక ఎఫ్‌డీ తీసేసి కొనమంటారా? మా ఆవిడ మాత్రం ‘మీ తర్వాత ఆ తెల్లదొరల బొమ్మలు నేనేం చేసుకోను’ అంటోంది.

జవాబు: ఆల్బమ్ మొత్తంగా వద్దు. ఎఫ్‌డీ అసలే వద్దు. అందులో మూడు ప్రింట్లు మాత్రం కొనుక్కోవచ్చు, దానికి డబ్బు ఎక్కడి నుంచి తీయాలో కింద చెబుతాను. ముందు మీరు అడగని సంగతి ఒకటి చూద్దాం, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది.

రెండేళ్లలో ఓడ దిగుతానన్నారు. ఇప్పుడున్న కోటీ 95 లక్షలకు రెండేళ్ల పొదుపు 48 లక్షలు, ఏడు శాతం చొప్పున రాబడి కలిపితే రెండు కోట్ల 70 లక్షల దగ్గరికి వస్తుంది. పిల్లల కోసం 40 లక్షలు, అప్పు తీర్చడానికి 11 లక్షలు తీసేస్తే మిగిలేది రెండు కోట్ల 20 లక్షలు. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే అప్పటికి మీ ఏడాది ఖర్చు పది లక్షల 80 వేలు. అంటే మీ దగ్గర మిగిలేది ఏడాది ఖర్చుకు ఇరవై రెట్లు. 54 ఏళ్లకే జీతం ఆగిపోయి, పెన్షన్ లేకుండా ముప్ఫై ఏళ్లు బతకాల్సిన కుటుంబానికి కనీసం పాతిక రెట్లు లేనిదే నేను సరే అనను. దాదాపు 50 లక్షలు తక్కువ పడుతోంది. మీకది తెలియలేదు, ఎందుకంటే ఆ లోటులో సగం మీ లెక్కలో ప్రింట్ల కాలమ్ కప్పేసింది.

ఇప్పుడు ఆల్బమ్ ధరను ఆ కళ్లతో చూడండి. ఏటా 24 లక్షలు మిగిల్చే మనిషికి 9 లక్షలంటే నాలుగున్నర నెలల పొదుపు. ఉజ్జాయింపుగా ఓడ మీద మీ ఒక కాంట్రాక్టు కాలం. ఇంజన్ రూమ్ వేడిలో ఇంకో నాలుగు నెలలు ఈ 38 కాగితాల కోసం గడపడానికి సిద్ధమేనా? సిద్ధమేనంటే నాకు అభ్యంతరం లేదు, అది మీ ఇష్టం. కానీ పెట్టుబడి అని పేరు పెట్టుకోవద్దు.

‘రెట్టింపు ఖాయం’ అన్నమాట నిజమే అనుకుని లెక్క కడతాను. ఐదేళ్లకు 18 లక్షలకు అమ్ముడుపోయింది. అమ్మిపెట్టినవాళ్ల కమిషన్ 15 శాతం పోతే 15 లక్షల 30 వేలు. లాభం మీద పన్ను పోగా చేతికి వచ్చేది 14 లక్షల 50 వేలు. రెట్టింపైన సరుకు మీకిచ్చింది ఏడాదికి పది శాతం. అదే 9 లక్షలు 6.5 శాతం ఎఫ్‌డీలో ఉంటే 12 లక్షల 40 వేలవుతుంది, దాన్ని కొనేవాడి కోసం వెతకనక్కర్లేదు. ఇక ప్రింట్ల ధర పెరగకుండా అక్కడే ఉంటే కమిషన్ పోయి ఏడు లక్షల 65 వేలు వస్తాయి.

పన్నుండదన్న మాట తప్పు. ఇంట్లో వాడుకునే బల్లలు, కుర్చీలు అమ్మితే పన్నుండదు, నిజమే. కానీ బంగారం నగలు, పెయింటింగులు, కళాఖండాలకు ఆ మినహాయింపు లేదని చట్టంలో విడిగా రాశారు. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, ఆ లోపైతే మీ శ్లాబు ప్రకారం. క్యాష్ సంగతికొస్తే, రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడమే చట్టవిరుద్ధం, తీసుకున్న మొత్తమంతా జరిమానాగా కట్టాలి. అది ఆయన తలనొప్పి అనుకోకండి. బిల్లు లేకపోతే రేపు మీరెంతకు కొన్నారో రుజువుండదు, అప్పుడు అమ్మిన డబ్బంతా లాభమే అంటారు. యాభై వేల తగ్గింపు అక్కడే ఆవిరైపోతుంది.

ఇక ఆల్బమ్. జాబితా చదువుతూ ఆదివారం ఉదయమంతా గడిపేశాను, ఫీజు లేకుండానే. 38లో 27 చిన్న సైజు అధికారుల ముఖచిత్రాలు. ఇవి ‘నేవల్ క్రానికల్’ నుంచి విడదీసినవని ఆయనే రాశాడు. లండన్‌లో 1799 నుంచి 1818 దాకా 40 సంపుటాలుగా వచ్చిన పత్రిక అది. ప్రతి సంపుటంలో అధికారుల బొమ్మలు చుక్కల పద్ధతిలో, అంటే స్టిపుల్‌లో చెక్కి వేసేవారు. పాత సంపుటాలు విప్పి పేజీలు విడివిడిగా అమ్మడం ఎప్పటినుంచో ఉన్న వ్యాపారం, అందుకే ఇవి అరుదైనవి కావు. మామూలు కెప్టెన్ల బొమ్మలు ఇంగ్లండ్‌లో కొన్ని పదుల పౌండ్లకు దొరుకుతాయని మీకు నాకంటే బాగా తెలుసు. ఇక్కడ సగటున ఒక్కోటి 23 వేల పైన పడుతోంది. తాలు కలిపిన ధాన్యాన్ని బస్తా లెక్కన అమ్మడం ఇది. విలువంతా మిగిలిన 11లో ఉంది, అందులోనూ ఓడల ఆక్వాటింట్లు (నీటిరంగు చిత్రంలా నీడలు వచ్చేలా రేకు మీద చేసినవి) ఐదింటిలో.

పదహారో నంబరు చూడండి. ‘మద్రాసులో మరణించిన అడ్మిరల్ హుడ్’ అని రాసి 40 వేలు వేశాడు. ఇక్కడ ఈస్టిండీస్ నౌకాదళానికి అధిపతిగా ఉంటూ 1814 డిసెంబరులో మద్రాసులో పోయిన ఆయన సర్ శామ్యూల్ హుడ్, బారోనెట్ (లార్డ్ కన్నా కింది బిరుదు). మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూస్తే బొమ్మ కింద అక్షరాలు ‘లార్డ్ హుడ్’ అంటున్నాయి. ఆయన వేరే, అదే పేరున్న పెద్దవయసు బంధువు, వైకౌంట్ అనే లార్డ్ హోదా ఉన్నవాడు. పోయింది 1816లో, ఈస్టిండీస్‌కు అధిపతిగా ఎప్పుడూ రాలేదు. మన బారోనెట్ గారు లార్డ్ అవ్వనే లేదు. పైగా ఆయన 1806లో ఫ్రెంచి ఓడలతో పోరులో కుడిచెయ్యి పోగొట్టుకున్నారు, ఆ తర్వాత గీసినదైతే ఖాళీ చొక్కాచెయ్యి కనిపించాలి. చెన్నై కొనుగోలుదారుకని మద్రాసు కథ అతికించి ధర పెంచాడో, తెలియక రాశాడో నేను చెప్పలేను. రెండింట్లో ఏదైనా మిగతా 37 వివరణలను నమ్మి డబ్బు కట్టడానికి లేదు.

మీరు కొనే ముందు ప్రతి ఫొటోలో బొమ్మ అడుగున ఉండే సన్నటి వరస అడగండి. 1735 నాటి ఇంగ్లిష్ చట్టం ప్రకారం ప్రచురించిన తేదీ, యజమాని పేరు రేకు మీదే చెక్కాలి. ఆ వరస కత్తెరకు పోయిందంటే ధరలో పెద్ద భాగం పోయినట్టే. రేకు అంచు కాగితంలో అద్దిన గుర్తు ఉందా, వెనకవైపు అట్టకు అతికించారా, సెలోటేప్ మరకలున్నాయా అన్నవి వెనకవైపు ఫొటో చూస్తేనే బాగా తెలుస్తాయి. ఆయన వెనకవైపు ఒక్కటి కూడా పంపలేదు, గమనించారా? మీ దగ్గర పదింతల భూతద్దం ఉండే ఉంటుంది. చుక్కలు గళ్ల కాగితంలా వరసలు తీరి కనిపిస్తే అది ఆధునిక ఆఫ్‌సెట్ నకలు. చేత్తో చెక్కిన చుక్క అలా క్రమంగా ఉండదు. అధికారుల బొమ్మల్లో తొమ్మిదింటికి రంగులున్నాయి. ‘నేవల్ క్రానికల్’ బొమ్మలు నలుపులోనే వచ్చాయి, రంగు తర్వాత అమ్మకం కోసం వేసిందే. ఓడల ఆక్వాటింట్లలో అలా కాదు, వాటిలో చాలావాటికి ఆనాడే చేత్తో రంగు వేసేవారు.

చట్టం మాట కూడా ఒకటి. వందేళ్లు దాటిన కళావస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం నిర్వచనంలోకి వస్తాయి. వ్యాపారంగా అమ్మేవారికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం బయటికి పంపడానికి వీల్లేదు. ‘అవసరమైతే లండన్ వేలంలో పెట్టేస్తా’ అని మీరు రాసిన ధీమా అందుకే నాకు భయం వేసింది. మీరు విదేశీ రేవుల్లో కొని తెచ్చినవైనా సరే, లాయరును కనుక్కోకుండా ఒక్క కాగితం కూడా పంపవద్దు. ఇక్కడి కొనుగోలుదారులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఈ రెండూ కలిపి చూస్తే మీ 25 లక్షల అంకెకు ఆధారం లేదు. మీ లెక్కలో ఆ కాలమ్ దగ్గర సున్నా వేయండి. ఎప్పుడైనా అమ్ముడుపోతే పండగ చేసుకోండి.

అన్నీ అమ్మేయమని మాత్రం నేననను. మీరు మొదట కొన్న ప్రింటు, 1804 సెప్టెంబరు 15న విశాఖ రేవులో సెంచూరియన్ అనే ఓడ ఒంటరిగా నిలిచి ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా తెచ్చిన మూడు నౌకలతో తలపడిన దృశ్యం, వన్‌టౌన్‌లో పుట్టినవాడి గోడ మీద ఉండాల్సిందే. దాని రాబడి గురించి నన్నెవరూ అడగక్కర్లేదు. కొనకుండా చూసే దారి కూడా ఉంది. సెయింట్ జార్జి కోటలో ఫోర్ట్ మ్యూజియం మీ ఇంటి నుంచి గంట ప్రయాణం, అక్కడి పాత మద్రాసు ప్రింట్లు చూడటానికి టికెట్ చాలు.

అయితే ఆ గోడ ఏ గోడ? వేళచ్చేరి గ్రౌండ్ ఫ్లోర్ అన్నారు. 2015 డిసెంబరు, 2023 డిసెంబరు వరదలను మీ వీధికి నేను గుర్తు చేయనవసరం లేదు. మంచం కింద ట్రంకుపెట్టెలో ఉన్నవన్నీ ఈ వారమే అటక మీదికి ఎక్కించండి. బయటి గోడకు తగిలించినవి లోపలి గోడకు మార్చండి, బయటి గోడ చెమ్మకు కాగితం మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. ఇంటి బీమాలో మామూలు సామాన్ల కవరు కళాఖండాలకు వర్తించదు. భారత్ గృహ రక్ష పాలసీలో విలువైన వస్తువులకు విడిగా ఐచ్ఛిక కవరు ఉంది. మొత్తం ఐదు లక్షలు, ఒక్కో వస్తువు లక్ష దాటనంతవరకు వాల్యుయేషన్ సర్టిఫికెట్ అడగరు. మీ సేకరణలో మంచివాటికి అది సరిపోతుంది.

సరదాకు బడ్జెట్ ఏడాదికి లక్షా 20 వేలు పెట్టుకోండి, అంటే మీ మిగులులో ఐదు శాతం. ఈ ఏడు వాడకపోతే వచ్చే ఏటికి జమ. పాతది అమ్మి కొత్తది కొంటే ఆ డబ్బు దీనికి అదనం. ఓడ దిగిన రోజు నుంచి ఇది సగం. బెంగళూరు ఆయనకు ఆల్బమ్ వద్దని, ఓడల ఆక్వాటింట్లలో ఇంగ్లిష్ అడ్మిరల్ హ్యూస్, ఫ్రెంచి అడ్మిరల్ సఫ్రెన్‌ల యుద్ధం ఉన్నది, ఇంకో రెండు విడిగా ఇస్తే బిల్లు మీద, బ్యాంకు ద్వారా కొంటానని రాయండి. ఇవ్వనంటే వదిలేయండి. ఎఫ్‌డీ తీసి కొనాలనే ఆలోచనే మానుకోండి. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ ఏడాది నిండకుండా తీస్తే వడ్డీ పైసా రాదు. మీరు ఓడ దిగి ఇక్కడే స్థిరపడితే ఆ ఖాతాలను వెంటనే రెసిడెంట్ ఖాతాలుగా మార్చాలి, అప్పటి నుంచి వడ్డీ మీద పన్ను కూడా ఉంటుంది. నా పాతిక రెట్లు తక్కువే అనడానికి ఇదో కారణం. కంపెనీ వైద్య బీమా కాంట్రాక్టుతోనే ఆగిపోతుంది కాబట్టి కుటుంబమంతటికీ సొంత పాలసీ ఇప్పుడే, ఆరోగ్యం బాగున్నప్పుడే తీసుకోండి.

మీ ఆవిడ అడిగిన ప్రశ్నకు మీరు జవాబు రాసినట్టు లేదు. ఒక నోటుబుక్కు తీసుకుని ప్రతి ప్రింటుకూ ముందు వెనక ఫొటో, ఎక్కడ ఎంతకు కొన్నారు, అమ్మాలంటే ఎవరిని అడగాలి అన్నది రాయండి. బిల్లులు అందులోనే పెట్టండి. వారసత్వంగా వస్తే పిల్లలకు అప్పుడే పన్నుండదు, కానీ వాళ్లు అమ్మినప్పుడు మీ కొన్న ధరే లెక్కలోకి వస్తుంది, అందుకే ఆ బిల్లులు కావాలి. అమ్మాయికి ఓడలంటే ఇష్టమని రాశారు కాబట్టి వీలునామాలో సేకరణ ఆమెకు రాసి, అబ్బాయికి అందుకు సమానంగా ఫండ్లలోంచి ఇవ్వండి. ఆ సమానం లెక్క కట్టేటప్పుడు ఒక డీలరు ఈ రోజు నగదిచ్చి పట్టుకెళ్లే ధర వేయండి.