దారిలో ఉన్న చెల్లెలికి

చెల్లీ,

వారణాసి, అమృత్‌సర్, హిమాచల్‌లోని స్పితి లోయ గురించి నువ్వు పంపిన మూడు వ్యాసాలూ అందాయి. వాటితోపాటు పంపిన ఉత్తరం కూడా చదివాను. నిజం చెప్పనా, ఆ ఉత్తరమే వ్యాసాల కంటే బాగుంది. ఉత్తరంలో నువ్వు చూసింది చూసినట్టు నాకు చెప్పావు. వ్యాసాల దగ్గరికొచ్చేసరికి రచయిత్రిలా మాట్లాడాలని గొంతు మార్చావు. "నాకు రాయడం వచ్చా అక్కా" అని అడిగావు కదా. వచ్చు. అందులో నాకు అనుమానం లేదు. నీ చేతిలో ఉన్న సరుకులో ఏది విలువైనదో నీకింకా తెలియడం లేదు, అంతే. ఉద్యోగం వదిలి, ఆరు నెలలు బ్యాగు భుజాన వేసుకుని దేశం తిరుగుతున్నావు. ఇలాంటి అవకాశం మళ్లీ మళ్లీ రాదు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను.

కాశీ వ్యాసం తీసుకో. దశాశ్వమేధ ఘాట్‌లో సాయంత్రం హారతి, మణికర్ణికలో ఆరని చితులు, బతుకు క్షణికం అన్న ఆలోచన. అన్నీ నిజమే. కానీ అక్కడికి వెళ్లకముందే నీకు తెలిసిన నిజాలవి. హైదరాబాద్‌లో కూర్చుని కూడా అది రాయొచ్చు. ఉత్తరంలో ఏం రాశావో చూడు. ఆంధ్రాశ్రమంలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయడానికి తణుకు నుంచి వచ్చిన మామ్మగారు మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేకపోయారు. రోజూ నీ చేత చెంబుతో గంగ తెప్పించుకుని నెత్తిన చల్లుకున్నారు. అమెరికా నుంచి కొడుకు వీడియో కాల్ చేస్తే "నాకిక్కడ మనవరాలు దొరికింది" అని నిన్ను చూపించారు. ఇదీ నువ్వు మాత్రమే రాయగల కాశీ. ఆవిడ సంచిలో ఏమేం తెచ్చుకున్నారు? తిరుగు టికెట్ ఎవరు తీశారు? డబ్బు ఎక్కడ దాచుకునేవారు? తొమ్మిదో రాత్రి గడిచాక ఏమన్నారు? ఇవి అడిగావో లేదో నాకు తెలియదు. అడిగి ఉంటే రాయి. అడగకపోతే ఆవిడ ఫోన్ నంబర్ తీసుకున్నానన్నావు కదా, ఇప్పుడైనా అడుగు.

మన భాషలో యాత్ర గురించి రాయడం ఇలాంటి సంగతులతోనే మొదలైంది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి కాశీ వెళ్లి, 1831 సెప్టెంబర్‌లో ఇల్లు చేరాడు. దారిలో చూసినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాస్తూ వచ్చాడు. అవే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. దాన్ని తెరిచినప్పుడల్లా నేను వెతుక్కునేవి చిన్నచిన్న విషయాలే. ఏ మజిలీలో దిగారు, నీళ్లు ఎలా ఉన్నాయి, బజారులో ఏం దొరికాయి, దారి ఎలా ఉంది, ఏటిని ఎలా దాటారు. ఆ రోజుల్లో ప్రతి బాటసారికీ తెలిసిన మామూలు విషయాలు ఇవి. ఆయన రాసిపెట్టకపోతే మనకు దక్కేవి కావు. ఆయన స్నేహితుడికి రాశాడన్న సంగతి కూడా మర్చిపోకు. ఎదురుగా ఒక మనిషిని పెట్టుకుని రాస్తే గొంతు దానంతటదే కుదురుతుంది. నీకు నేను ఉన్నాను, మీ అమ్మ ఉంది. మా ఇద్దరిలో ఎవరికి రాస్తున్నావో అనుకుని మొదలుపెట్టు.

ఇక అమృత్‌సర్. స్వర్ణ దేవాలయం లంగర్‌లో, అంటే ఉచిత భోజనశాలలో, అందరూ నేల మీద పక్కపక్కన కూర్చుని తింటారు, అదే సమానత్వం అని రెండు పేజీలు రాశావు. ఆ మాట పాఠకుడికి నువ్వు చెప్పక్కర్లేదు, ఆ హాల్లో కూర్చోబెడితే చాలు. పళ్లెం, గిన్నె, చెంచా చేతికిచ్చి లోపలికి పంపుతారు. వరసలో కూర్చున్నాక బకెట్లతో పప్పు, పాయసం వడ్డించుకుంటూ వెళ్తారు. రొట్టె మాత్రం పళ్లెంలో వేయరు. రెండు చేతులూ దోసిలి పట్టాలి, అందులో వేస్తారు. కోటీశ్వరుడైనా దోసిలి పట్టాల్సిందే. బంతి లేవగానే నేల తడిపి తుడిచేస్తారు, వెంటనే ఇంకో బంతి. కింద పళ్లేలు కడిగే చోట చప్పుడుకి పక్కవాళ్ల మాట వినిపించదు. వంటశాల వైపు వెళ్తే ఉల్లిపాయలు, వెల్లుల్లి ఒలిచేవాళ్లు గుంపులుగా కూర్చుని ఉంటారు. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు.

నేను వెళ్లినప్పుడు ఆ గుంపులో వెల్లుల్లి ఒలుస్తూ ఒక పూటంతా కూర్చున్నాను. పక్కనున్న ఆవిడ నా చేతిలోని చాకు తీసుకుని, పాయను నేలకేసి నొక్కి, పొట్టు ఒక్కసారిగా ఊడేలా ఎలా తీయాలో చూపించింది. ఆ తర్వాతే మాటలు మొదలయ్యాయి. ఆవిడ భర్త లారీ డ్రైవరు, విజయవాడ దాకా వచ్చి వెళ్తుంటాడట. "మీ వైపు కూరలో కారం ఎందుకంత వేస్తారు" అని అడిగింది. సేవ అంటే మీ ఉద్దేశం ఏమిటి అని మైకు పట్టుకున్నట్టు అడిగి ఉంటే, ఆవిడ ఒక మంచి మాట చెప్పి ఊరుకునేది. చేతులు ఒకే పనిలో ఉన్నప్పుడు మనుషులు వేరేగా మాట్లాడతారు. కొత్త ఊళ్లో మాట కలపడానికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే. పని జరిగే చోట కూర్చో, చేయనిస్తే చెయ్యి.

స్పితి వ్యాసం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఆ పర్వతాల ముందు మాటలు రాలేదన్నావు. అలాంటప్పుడు పర్వతాలను వదిలెయ్, రోడ్డు గురించి రాయి. రికాంగ్ పియో నుంచి కాజా వెళ్లే ప్రభుత్వ బస్సు ఎక్కావు. దారిలో కొండచరియ విరిగిపడి బస్సు రెండు గంటలు ఆగిందని ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యం రాశావు. ఆ రెండు గంటలే నీ వ్యాసం చెల్లీ. ఎవరు వచ్చి తీశారు ఆ రాళ్లు? ఆ కొండల్లో రోడ్లేసే కూలీలు చాలామంది జార్ఖండ్, బిహార్, నేపాల్ నుంచి వస్తారు. చంటిపిల్లను పక్కన పడుకోబెట్టి రాళ్లు కొట్టే ఆడవాళ్లు, తారు డబ్బాల పక్కన పొగలో నిలబడి ముఖానికి గుడ్డ చుట్టుకున్న కుర్రాళ్లు నీ కిటికీలోంచి కనిపించే ఉంటారు. వాళ్లు కూడా ఇంటికి దూరంగా నెలల తరబడి ఉన్నవాళ్లే. నీలాగే సంచి సర్దుకుని వచ్చారు. నువ్వు చూడటానికి వెళ్లిన దారిని వాళ్లు వేస్తున్నారు.

నీకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఈ దేశంలో ఎప్పుడు చూసినా ఎందరో దారిలోనే ఉంటారు. సరదాకి తిరిగేవాళ్లు అందులో కొద్దిమంది. మిగతావాళ్లు పని కోసం, చదువు కోసం, మొక్కు కోసం, వైద్యం కోసం తిరుగుతుంటారు. ఒడిశాలో బలంగీర్ వైపు వాళ్లు అడ్వాన్సు తీసుకుని, కాంటాబాంజీ స్టేషన్లో గిన్నెలు, దుప్పట్లు, పిల్లలతో సహా రైలెక్కి మన ఇటుక బట్టీలకు వస్తారు. వానాకాలం ముందు తిరిగి వెళ్తారు. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలను ఇళ్లకు చేర్చిన మొదటి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే బయలుదేరింది, జార్ఖండ్‌లోని హటియాకు. స్పితి రోడ్ల మీద పనిచేసే కూలీల్లో చాలామంది సొంత రాష్ట్రానికే. బ్యాగు వేసుకుని తిరిగేవాళ్లు రాసినవి చాలా చదివాను. వాటిలో రచయిత తప్ప ఇంకెవరూ ప్రయాణం చేస్తున్నట్టే ఉండదు. మిగతా మనుషులంతా టీ ఇచ్చేవాళ్లు, దారి చెప్పేవాళ్లు, ఫొటోలో నవ్వేవాళ్లు. నువ్వు అలా రాయకు. స్లీపర్ బోగీలో నీ ఎదురు బెర్తులో ఉన్న మనిషి కూడా యాత్రికుడే. ఆయన ఎక్కడ ఎక్కాడు, ఎక్కడ దిగుతాడు, ఇంట్లో ఎవరున్నారు, ఎన్నాళ్లకోసారి వెళ్తాడు. మన ఊళ్లలో పక్కింటికి కొత్తగా వచ్చినవాళ్లను అడిగే ప్రశ్నలే ఇవి. నీకు బాగా వచ్చు, వ్యాసంలోకి వచ్చేసరికి వాడటం మానేశావు.

పనుల సంగతులు కొన్ని త్వరగా చెప్పేస్తాను. రోజూ రాత్రి నిద్ర ఎంత వచ్చినా ఒక పేజీ రాయి. తేదీ, ఊరు, బస్సు చార్జీ, టీ ధర, ఏం తిన్నావు, నిన్ను ఎవరు ఏం అడిగారు. అభిప్రాయాలు అక్కర్లేదు, అవి తర్వాత రాసుకోవచ్చు. టీ ధర మాత్రం తర్వాత గుర్తుకురాదు. హిందీలో విన్న మాటను పుస్తకాల తెలుగులోకి మార్చకు, కూలి మనిషి మాట కూలి మనిషి మాటలాగే వినిపించాలి. మణికర్ణికలో ఫోన్ తీయలేదన్నావు, మంచిపని చేశావు. నీతో కష్టం చెప్పుకున్నవాళ్ల పేరు, ఊరు మార్చి రాయి. ఇంకొకటి, ఇది రచనకు సంబంధించింది కాదు. నువ్వున్న చోటు గురించి ఆ ఊరు దాటాకే బయట పెట్టు. ఏ హాస్టల్, ఏ గది అన్నది అసలు వద్దు. కొత్త ఊరికి వెలుతురుండగానే చేరేలా చూసుకో, రైల్లో ఇబ్బందైతే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చెయ్యి. మీ అమ్మ టెన్షన్ నాకు తెలుసు, రోజూ ఒక్క ఫోన్ చాలు ఆవిడకి.

తర్వాత అస్సాంలో బ్రహ్మపుత్ర మధ్య ఉన్న మజులి దీవికి వెళ్తానన్నావు. మంచి ఆలోచన. జోర్హాట్ దగ్గర నిమాతి ఘాట్ నుంచి ఫెర్రీ. చివరి ఫెర్రీ సాయంత్రంలోపే వెళ్లిపోతుంది, అది చూసుకో. ముసుగులు చేసే సమగురి సత్రం (అక్కడ సత్రం అంటే వైష్ణవ మఠం) అందరూ రాసేదే. నువ్వూ వెళ్లు, చూడు, కానీ వ్యాసం దాని చుట్టూ తిప్పకు. ఆ దీవిని బ్రహ్మపుత్ర ఏటా కోసుకుపోతోంది. మిషింగ్ తెగవాళ్ల ఊళ్లలో స్తంభాల మీద కట్టిన ఇళ్లుంటాయి. ఎవరైనా పెద్దాయన్ని, మీ ఇల్లు మొదట ఎక్కడ ఉండేది, చూపించండి అని అడుగు. ఆయన నీళ్ల వైపు చూపిస్తే, ఆ ఇల్లు ఎన్నిసార్లు ఎక్కడెక్కడికి మారిందో వరసగా రాసుకో. అక్కడ కనీసం వారం ఉండు. రెండు రోజుల్లో చూసేది అందరికీ కనిపించేదే. అక్కడి నుంచి తవాంగ్ వెళ్లాలనుకుంటే అరుణాచల్‌కు మనకు కూడా ఇన్నర్ లైన్ పర్మిట్ (లోపలికి వెళ్లడానికి అనుమతి పత్రం) కావాలి, ముందే ఆన్‌లైన్‌లో తీసుకో.

అయితే దానికంటే ముందు ఒక పని ఉంది. కోల్‌కతాలో ఇంకా నాలుగు రోజులుంటానన్నావు. అందులో రెండు రోజులు ఖరగ్‌పూర్‌కు ఇవ్వు. హౌరా నుంచి 115 కిలోమీటర్లు, లోకల్ ట్రైన్లు ఉంటాయి. ఆ స్టేషన్‌లోని 1,072 మీటర్ల ప్లాట్‌ఫాం ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని పేరు. దాన్ని చూసి ఆగిపోకు, బయటికి రా. రైల్వే పనులకు వెళ్లిన మనవాళ్లు తరతరాలుగా అక్కడే స్థిరపడ్డారు. కూరగాయల బజారులో తెలుగు వినిపిస్తుంది. సోలాపూర్, భివండి, సూరత్ మగ్గాల దగ్గరా ఇంతే. ముంబై కామాటిపురకు ఆ పేరు వచ్చిందే తెలంగాణ నుంచి వెళ్లిన కామాటి కూలీల వల్ల. ఈ మనుషులందరితో సొంత భాషలో మాట్లాడే వీలు నీకుంది. ఇంగ్లిష్‌లో రాసే యాత్రికులకు లేదు. దాన్ని వృథా చేయకు.

ఖరగ్‌పూర్‌లో రైల్వేలో రిటైరైన పెద్దవాళ్లెవరైనా కలిస్తే మూడు అడుగు. ఇంట్లో మొదట ఎవరు వచ్చారు, ఏ పనికి? పిల్లలు ఏ భాషలో చదివారు? పెళ్లిసంబంధాలకు ఇప్పటికీ శ్రీకాకుళం, విజయనగరం వైపు చూస్తారా, లేక అక్కడే కుదుర్చుకుంటారా? సమాధానాలు ఆ రాత్రే నోట్‌బుక్‌లో రాసి, టైప్ చేయకుండా పేజీలను ఫొటో తీసి నాకు పంపు. స్పితి వ్యాసం ఆ తర్వాత తిరగరాద్దువుగాని, బస్సు ఆగిన చోటి నుంచి మొదలుపెట్టు.

ప్రేమతో,
అక్క