బ్రహ్మాండం: గుడ్డా, గొప్పా?

సందేహం: మా తొమ్మిదో తరగతి పిల్లవాడు 'జాతర బ్రహ్మాండంగా జరిగింది' అని రాశాడు. అండం అంటే గుడ్డు కదా, జాతర గుడ్డులా జరగడమేమిటని తోటి మాస్టారు మార్కు తగ్గించమంటున్నారు. ఇది తప్పేనా? లోకం గుడ్డులోంచి పుట్టిందని వేరే దేశాల్లోనూ చెప్పుకుంటారట. ఆ కథలన్నిటికీ మూలం ఒకటేనా? 'బ్రమ్మాండం' అని రాయవచ్చా?
– ఒక తెలుగు ఉపాధ్యాయుడు, దేవరకొండ

సమాధానం: తప్పు కాదు, మార్కు తగ్గించకండి. బ్రహ్మాండానికి మొదటి అర్థం లోకమంతా ఇమిడిన గుడ్డు అన్నమాట నిజమే. ఛాందోగ్యోపనిషత్తు మూడో అధ్యాయంలో ఆ గుడ్డు ఏడాదిపాటు అలాగే ఉండి రెండు చిప్పలవుతుంది. వెండి చిప్ప భూమి, బంగారు చిప్ప ఆకాశం. అంత పెద్దదాని పేరు గనుక 'చాలా పెద్ద', ఆపైన 'చాలా బాగా' అనే అర్థాలు వచ్చి చేరాయి. పైగా మనకు మాట ముందు 'బ్రహ్మ' చేరితే పెద్దది, ముదిరింది అనే తోస్తుంది. బ్రహ్మచెవుడు, బ్రహ్మజెముడు అన్నప్పుడు నాలుగు తలల దేవుడు ఎవరికి గుర్తొస్తాడు? అలాగని గుడ్డును పూర్తిగా మరచిపోలేదు. 'ఒక్కరోజు రాకపోతే బ్రహ్మాండం బద్దలవుతుందా' అంటామే, ఆ బద్దలయ్యేది పెంకే.

ఈ గుడ్డు పండితుల సొత్తు కూడా కాదు. ఆదిశక్తి గుడ్లు పెడితే త్రిమూర్తులు పుట్టారని మన పల్లెకథ. ఒక కథనంలో మొదటి గుడ్డు మురిగిపోతుంది, రెండోదాంట్లో గాలి తప్ప ఏమీ ఉండదు, మూడోది పిల్లవుతుంది. దాని కింది చిప్ప భూమి, పై చిప్ప ఆకాశం. ఉపనిషత్తులో మురిగిన గుడ్డు లేదు. కోళ్లను పొదిగేసిన చెయ్యి ఎవరిదో ఈ కథలో పడింది!

ఇక మూలం సంగతి. ఫిన్లాండ్ జానపద గేయాలతో కూర్చి, 1849లో విస్తరించి అచ్చువేసిన కాలేవాలా అనే కావ్యంలోనూ బాతుగుడ్డు కింది పెంకు భూమి, పై పెంకు ఆకాశం. చైనావాళ్ల ఆదిపురుషుడు పాన్‌గు కూడా గుడ్డులోంచే వస్తాడు. ఇంతమాత్రాన అన్నీ ఒకచోట పుట్టాయంటే నేను ఒప్పుకోను. గుడ్డు పగిలి ప్రాణి బయటికి రావడం అందరూ చూసేదే. చుట్టరికం తేలాలంటే పేర్లు కలవాలి, లేదా కథలోని చిల్లర వివరాలు కలవాలి. మన యముడి పేరూ, ఎవరి శరీరంతో లోకం తయారైందని ఐస్‌లాండ్ పాతకథలు చెబుతాయో ఆ యుమిర్ పేరూ 'కవల' అనే ఒకే పాతమాట నుంచి వచ్చాయని భాషా చరిత్రకారులు చెబుతారు. దాన్ని చుట్టరికం అనవచ్చు. అలాగే ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో మట్టిపలకలమీద రాసుకున్న పాత గిల్గమేష్ కథలో, జలప్రళయం గురించి చెప్పే పదకొండో పలకను 1872లో జార్జ్ స్మిత్ అనే ఇంగ్లీషు పండితుడు చదివినప్పుడు అందరూ ఉలిక్కిపడ్డారు. ఓడ కొండమీద ఆగడం, నేల తేలిందో లేదో చూడటానికి పక్షులను వదలడం బైబిల్లోని నోవహు కథలోనూ ఉన్నాయి. అంత దగ్గరి పోలిక యాదృచ్ఛికం కాదు. వేదకాలపు గ్రంథమైన శతపథ బ్రాహ్మణంలోని మనువు ప్రళయకథలో ఓడా కొండా ఉన్నాయి గానీ పక్షులు లేవు, చేప కొమ్ముకు కట్టిన తాడు ఉంది. అందుకే దాన్ని ఆ చుట్టాల లెక్కలో వేయడానికి నేను తొందరపడను.

'బ్రమ్మాండం' మన నోటి పలుకుబడి. కథలో, సంభాషణలో నిరభ్యంతరంగా రాయండి, వ్యాసంలో మాత్రం బ్రహ్మాండం. దీర్ఘం ఎగరగొట్టి 'బ్రహ్మండం' అని రాస్తే అప్పుడు మార్కు తగ్గించండి.