మెరైన్ బయాలజీ ఎమ్మెస్సీకి అప్లై చేసే ముందు విశాఖలో అనుభవం ఎక్కడ దొరుకుతుంది?

మీది గాజువాక, బీఎస్సీ జువాలజీ ఫైనలియర్, మెరైన్ బయాలజీలో ఎమ్మెస్సీ చేయాలని ఉంది. అప్లికేషన్లలో ‘రిలెవెంట్ ఎక్స్‌పీరియన్స్’ అని అడుగుతున్నారు. అది ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది, సర్టిఫికెట్ ఇవ్వకపోతే లెక్కలోకి వస్తుందా అని అడిగారు. మూడేళ్ల కిందట నేనూ ఇదే టెన్షన్‌తో తిరిగాను, అందుకే రాస్తున్నా.

ముందు ఎక్కడికి అప్లై చేస్తున్నారో తేల్చుకోండి. ఆంధ్రా యూనివర్సిటీకైతే పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్‌లో ర్యాంకు కావాలి. మీరు సముద్రం ఒడ్డున ఎన్ని నెలలు తిరిగారో అక్కడ ఎవరూ అడగరు, ఇంట్లో కూర్చుని చదువుకోండి. ఎం.ఎఫ్.ఎస్సీ (ఫిషరీస్ సైన్స్ పీజీ) సాధారణంగా అదే సబ్జెక్టులో డిగ్రీ, అంటే బీ.ఎఫ్.ఎస్సీ, చేసినవాళ్ల దారి. అనుభవం గురించి గుచ్చి గుచ్చి అడిగేది ఎక్కువగా విదేశీ కోర్సులు. ముఖ్యంగా యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ ఉన్నవి. ఫీజు లేకుండా నెలకు 1,400 యూరోలు ఇస్తారంటే పోటీ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మార్కులతో పాటు సీవీ, ‘ఈ కోర్సే ఎందుకు’ అని మీరు రాసే లెటర్, మిమ్మల్ని ఎరిగినవాళ్ల సిఫారసు లేఖలు చూస్తారు.

మొదటిసారి నేను చేసిన పని చెబితే నవ్వుతారు. ఆన్‌లైన్‌లో ఒక సంస్థకు 4,000 రూపాయలు కట్టి రెండు వారాల ‘మెరైన్ ఇంటర్న్‌షిప్’ చేశాను. రోజూ గంటసేపు స్లైడ్లు, ఆఖర్న బంగారు అంచున్న సర్టిఫికెట్. ఇంటర్వ్యూలో ఒక మేడమ్ దాన్ని చూసి, ‘ఈ రెండు వారాల్లో నీ చేత్తో కొలిచింది ఏమైనా ఉందా?’ అని ఒక్కటే అడిగారు. లేదన్నాను. సీటు రాలేదు.

ఇంట్లో నాన్న బీఈడీలో చేరమన్నారు. ఒక్క ఏడాది టైమివ్వమని బతిమాలి, సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్లు చెబుతూ, పొద్దున పూట ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లడం మొదలుపెట్టాను. మా లెక్చరర్‌గారికి తెలిసిన ఒక రీసెర్చ్ స్కాలర్ అక్కడ కానాగడత చేపల (ఇండియన్ మాకెరెల్) మీద పని చేస్తోంది. ఆవిడకు సాయంగా ఎనిమిది నెలలు. జీతం లేదు, అప్పుడప్పుడు టీ, ఇడ్లీ.

తెల్లవారుజామున 5 గంటలకు వేలం పాట మొదలయ్యేలోపు అక్కడ ఉండాలి. వచ్చిన బోట్లన్నింటి సరుకూ తూచడం అయ్యే పని కాదు. కొన్నింటిని ఎంచుకుని వాటి లెక్కతో ఆ రోజు మొత్తం అంచనా కడతారు. ఏ బోటు, ఎన్నాళ్లు వేటలో ఉంది, ఏ వల, ఏ చేప ఎంత. ఇవి బోటు నడిపే సరంగునో, అందులో పనిచేసే కళాసీలనో అడిగి రాసుకోవాలి. మొదటి వారం ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు. చేపలమ్మే ఒకామె అయితే మొహం మీదే అడిగేసింది: ‘ఏటి పాపా, కొనవు, పోవు. స్కేలట్టుకుని ఏటి సేత్తన్నావు?’ చెప్పాక ఆమే నాకు చేపలు గుర్తుపట్టడం నేర్పింది. పుస్తకంలో నాకు పేజీలు పట్టే తేడాని ఆమె బొటనవేలితో మొప్ప ఎత్తి చూపించేది.

అక్కడే నా తప్పు ఒకటి బయటపడింది. కానాగడత తోక రెండుగా చీలి ఉంటుంది. మూతి కొస నుంచి తోక చీలిక మధ్య దాకా కొలిస్తే ఒక పొడవు, తోక చివర దాకా కొలిస్తే ఇంకో పొడవు. నేను మూడు వారాలపాటు ఒకరోజు అలా, ఒకరోజు ఇలా రాసేశాను. ఆ పేజీలన్నీ పనికిరాకుండా పోయాయి. ఆ రోజు హార్బర్ గోడ మీద కూర్చుని ఏడ్చాను. రెండోసారి అప్లై చేసినప్పుడు లెటర్‌లో రాసింది సరిగ్గా ఈ సంగతే. ఈసారి ఇంటర్వ్యూలో సగం టైమ్ దాని మీదే గడిచింది.

ఇంకో చిన్న సంగతి. కానాగడత శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కానగుర్తా. ఆ రెండో ముక్క మన తీరంలో వాడే పేరే. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నంలో చేపలు సేకరించి, ఇక్కడి జనం పిలిచే పేర్లతోనే 1803లో బొమ్మలతో అచ్చు వేయించాడు. ఆ పేరునే 1816లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త క్యూవియే ఈ చేప శాస్త్రీయ నామానికి తీసుకున్నాడు. వేలం పాటలో రోజూ వినే మాట లాటిన్ పేరులో కనబడినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మీరు వెళ్లే చోట ఇలాంటివి మీకూ దొరుకుతాయి, రాసి పెట్టుకోండి.

హార్బర్ ఒక్కటే కాదు. పాండురంగాపురంలో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (సముద్ర చేపల పరిశోధన సంస్థ), సీఐఎఫ్‌టీ (ఫిషరీస్ టెక్నాలజీ సంస్థ) కేంద్రాలు, లాసన్స్‌బే కాలనీలో ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర పరిశోధన సంస్థ) కేంద్రం ఉన్నాయి. ఉత్త మెయిల్ పెట్టి ఎదురుచూడకుండా, మీ హెచ్‌ఓడీ సంతకంతో లెటర్ పట్టుకుని, ‘ఫలానా పని నేర్చుకోవాలి’ అని స్పష్టంగా అడగండి. చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి, జోడుగుళ్లపాలెం వైపు అటవీ శాఖ ఆ గుడ్లు పొదిగించే హ్యాచరీ పెడుతుంది. ఒక సీజన్ అక్కడ సాయం చేసినా మంచిదే. కానీ నాలుగు చోట్ల నాలుగేసి రోజులు తిరగొద్దు, సీవీలో అది ఇట్టే తెలిసిపోతుంది.

సర్టిఫికెట్ సంగతి: నాకు హార్బర్ పనికి ఎవరూ ఇవ్వలేదు. సీవీలో ఎన్ని నెలలు, వారానికి ఎన్ని రోజులు, ఏం కొలిచాను అని రాశాను. నా పని కళ్లారా చూసిన ఆ స్కాలర్ గైడ్‌గారు సిఫారసు లేఖ రాశారు. తడిసి ఉప్పు మరకలు పట్టిన నా నోటు పుస్తకం ఫొటోలు కూడా దాచుకున్నాను, అడిగితే చూపిద్దామని. జారని చెప్పులు కొనుక్కోండి, నేను రెండుసార్లు పడ్డాను.

ఒకవేళ మీ పరీక్షలయ్యేసరికి ఏప్రిల్ దాటిపోతే కంగారు పడకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మర బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. కొలవడానికి చేపలు తక్కువే గానీ, సరంగులు వలలు బాగుచేసుకుంటూ తీరిగ్గా కూర్చునేది అప్పుడే. వేటకు వెళ్లి వచ్చిన రోజున ముక్తసరిగా మాట్లాడినవాళ్లే, ఆ రెండు నెలల్లో నాకు గంటలు గంటలు చెప్పారు.