సుల్తాన్ బజార్‌లో ఇంకా ఏం మిగిలింది?

ప్రశ్న: మెట్రో వచ్చాక సుల్తాన్ బజార్ పాత కళ పోయిందని మా నాన్నగారు బాధపడుతున్నారు. ఇంకా చూడదగినవి ఉన్నాయా?

జవాబు: ఉన్నాయమ్మా. నేను పెరిగిన వీధులవి, ఆయన బాధ నాకు తెలుసు. ఒకప్పుడది రెసిడెన్సీ బజార్. బ్రిటిష్ రెసిడెంటు భవనం పక్కన పెరిగిన అంగడి. 1933లో నిజాం ఏలుబడిలోకి తిరిగి వచ్చాక సుల్తాన్ బజార్ అయింది. ఆ భవనంలోనే తర్వాత కోఠి మహిళా కళాశాల నడిచింది, 2022లో అది మహిళా విశ్వవిద్యాలయం అయింది. ఆ భవనం ఎత్తైన స్తంభాలను తప్పక చూడండి. 2020 నుంచి మెట్రో నడుస్తోంది. మధ్యాహ్నం గాజుల మీద తళుక్కుమనే ఎండ స్థానంలో ఇప్పుడు వంతెన నీడ. అది నాకూ కష్టంగానే ఉంది. నాన్నగారిని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి తీసుకువెళ్లండి. 1901లో పుట్టిన గ్రంథాలయం. పరీక్షల రోజుల్లో నేను అక్కడే చదువుకున్నాను. ఆయన కాసేపు కూర్చుంటానంటే తొందరపెట్టకండి.