సినిమా సందేహాలు: ఐర్లండ్ మఠాలు, విడిపోయిన తల్లీబిడ్డలు

ప్రశ్న: ‘ఫిలోమినా’ సినిమా చివర్లో చక్రాల కుర్చీలో ఉన్న ముసలి సిస్టర్‌ని (మఠంలోని సన్యాసినిని) నిలదీస్తారు. అది నిజంగా జరిగిందా? – నెల్లూరు పాఠకురాలు

జవాబు: జరగలేదు. ఆ సిస్టర్ హిల్డెగార్డ్ 1995లోనే చనిపోయారు. పాత్రికేయుడు మార్టిన్ సిక్స్‌స్మిత్‌కి ఫిలోమినా కథ తెలిసిందే 2004లో. సినిమాకు మూలమైన ఫిలోమినా లీ ఆయనతో కలిసి అమెరికా వెళ్లి కొడుకుని వెతకడం కూడా కల్పనే.

అసలు కథ మాత్రం కల్పన కాదు. రాస్‌క్రే ఊళ్లోని షాన్ రాస్ మఠంలో 1952 జులైలో పెళ్లికాని ఫిలోమినాకి ఆంథొనీ పుట్టాడు. బిడ్డ మీద ఇక ఏ హక్కూ కోరనని, ఎన్నటికీ వెతకనని ఆమెతో సంతకం పెట్టించుకున్నారు. 1955 డిసెంబరులో ఒక అమెరికన్ కుటుంబం పిల్లవాణ్ని దత్తత తీసుకెళ్లింది. మైకేల్ హెస్ పేరుతో పెరిగి, రిపబ్లికన్ పార్టీ జాతీయ కమిటీకి ప్రధాన న్యాయ సలహాదారు అయ్యాడు. తల్లి కోసం మఠానికి వచ్చి అడిగాడు, చెప్పలేదు. తల్లీ వెళ్లి అడిగింది, ఆమెకూ చెప్పలేదు. 1995లో కొడుకు ఎయిడ్స్‌తో పోయాక, అతని కోరిక ప్రకారం ఆ మఠంలోనే పాతిపెట్టారు.

వాళ్లు ఎందుకు కలవలేకపోయారో సినిమా కొంతే చెబుతుంది. మఠంలో చేరగానే ఫిలోమినాకి మార్సెల్లా అని పేరు పెట్టారు. దత్తతతో పిల్లవాడి పేరూ, ఇంటిపేరూ మారాయి. ‘ఆంథొనీ లీ’ అని ఎంత వెతికినా ఏ కాగితంలో దొరుకుతాడు? పైగా అలా అమెరికా చేరిన రెండు వేల పైచిలుకు పిల్లలకు పాస్‌పోర్టులు ఇచ్చింది ఐర్లండ్ ప్రభుత్వమే. ఆ చివరి సన్నివేశం పాపమంతా ఒక్క సిస్టర్ నెత్తిన పెట్టి ప్రభుత్వాన్ని పక్కకు తప్పించింది. నటన గొప్పదే, న్యాయం సగమే.

ప్రశ్న: ‘మాగ్డలీన్ సిస్టర్స్’లో చూపిన లాండ్రీ, ఫిలోమినా ఉన్న చోటు ఒకటేనా? – వరంగల్ పాఠకుడు

జవాబు: కాదు. ఫిలోమినా కూడా బట్టలు ఉతికింది కాబట్టి చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆమె ఉన్నది పెళ్లికాని తల్లుల పురిటి ఆశ్రమం. అక్కడే కాన్పు, పాలు పట్టడం, ఆ తర్వాత బిడ్డ వెళ్లిపోవడం. సిస్టర్లు నడిపిన బట్టలుతికే చోటైన మాగ్డలీన్ లాండ్రీలో బిడ్డలుండరు. అక్కడికి చేరినవాళ్లలో తల్లులు కానివాళ్లే చాలామంది: అనాథలు, కోర్టు పంపినవాళ్లు, ఇంట్లోవాళ్లే వదిలించుకున్నవాళ్లు. జీతంలేని చాకిరీ. చివరి లాండ్రీ మూతపడింది 1996లో.

పీటర్ మల్లన్ 2002లో తీసిన ఆ సినిమాలో రోజ్ అనే పెళ్లికాని తల్లి బిడ్డను ఆసుపత్రిలోనే తీసేసుకుని ఆమెను లాండ్రీకి పంపుతారు. అక్కడ అప్పటికే ఇంకో రోజ్ ఉందని ఆమె పేరు ప్యాట్రీషియాగా మారుస్తారు. చూసేటప్పుడు ఈ పేరు మార్పును గమనించండి, దెబ్బల కంటే ఇదే ఎక్కువ చెబుతుంది.

పురిటి ఆశ్రమాలపై ప్రభుత్వ కమిషన్ 2021 జనవరిలో నివేదిక ఇచ్చింది. 14 ఆశ్రమాలు, 4 కౌంటీ హోములను (స్థానిక ప్రభుత్వాలు నడిపిన ఆశ్రయాలను) పరిశీలిస్తే, వాటిలో ఉన్న తల్లులు సుమారు 56,000, పిల్లలు 57,000. సుమారు 9,000 మంది పిల్లలు చనిపోయారు.

ప్రశ్న: అమ్మతో కలిసి చూడాలంటే ఏది ముందు? – గుంటూరు పాఠకురాలు

జవాబు: ‘ఫిలోమినా’. హాస్యం కూడా ఉంది. ‘మాగ్డలీన్ సిస్టర్స్’లో హింస, నగ్నంగా నిలబెట్టి అవమానించే సన్నివేశం ఉన్నాయి, ముందే చెప్పి కూర్చోబెట్టండి. ‘స్మాల్ థింగ్స్ లైక్ దీజ్’ (2024) నెమ్మదిగా సాగుతుంది. 1985 క్రిస్మస్ రోజుల్లో కథ. బొగ్గు అమ్మే బిల్ ఫర్లాంగ్ కూడా పెళ్లికాని తల్లి కొడుకే. తల్లి పనిచేసే ఇంటావిడ ఆమెను వెళ్లగొట్టలేదు కాబట్టి బిడ్డతోనే ఉండగలిగింది. నీడ, కూలి ఉంటే చాలు, మఠం అక్కర్లేదని తేల్చిన సినిమా ఇదొక్కటే. ముందు చూడాల్సింది ‘ఫిలోమినా’ అయినా, నా ఓటు దీనికే.

ప్రశ్న: డబ్లిన్‌లో నర్సుగా చేస్తున్నాను. మాతో పనిచేసే ఒకావిడ దత్తత బిడ్డ. ఇప్పుడైనా ఆ రికార్డులు చూపిస్తారా? – డబ్లిన్ పాఠకురాలు

జవాబు: చూపిస్తారు. 2022 చట్టం ప్రకారం 16 ఏళ్లు నిండినవాళ్లు జనన ధ్రువపత్రం, చిన్ననాటి వివరాలు, వైద్య సమాచారం కోరవచ్చు. ఆ ఏడాది అక్టోబరు నుంచి దరఖాస్తులు తీసుకుంటున్నారు. ఐర్లండ్ దత్తత ప్రాధికార సంస్థకు గానీ, తూస్లా అనే పిల్లల సంక్షేమ సంస్థకు గానీ పెట్టుకోవాలి. గుర్తింపు పత్రం, పుట్టిన తేదీ, దత్తత పేరు సిద్ధంగా ఉంచుకోమనండి. కన్నతల్లి ‘సంప్రదించవద్దు’ అని నమోదు చేసి ఉన్నా సమాచారం ఆగదు, ముందుగా ఒక సమాచార సమావేశంలో మాట్లాడాలి, అంతే.

చిక్కు వేరేచోట వస్తుంది. కొందరికి దత్తతే జరగలేదు, పెంచినవాళ్లనే కన్నవాళ్లుగా జనన రిజిస్టరులో రాసేశారు. అలాంటి పత్రం చూడటానికి అసలైనదిలాగే ఉంటుంది, దత్తత ఫైలు దొరకదు. అనుమానముంటే దరఖాస్తులోనే ఆ మాట రాయమనండి. బాప్టిజం పత్రం కూడా అడగమనండి.