ఒకే జన్యువు నుంచి వేర్వేరు ఎంఆర్ఎన్ఏలు (ప్రొటీన్ తయారీకి సూచనలు మోసే ఆర్ఎన్ఏలు) ఎలా వస్తాయి?

కావలిలో ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతుంటాను. ఏటా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు, అడగాలి కూడా. అప్పుడు కాగితం పట్టీ మీద 1 నుంచి 6 దాకా అంకెలు వేసి, మధ్య జాగాలకు నల్లరంగు పూసి, కత్తెర చేతికిస్తాను.

ఈ పట్టీయే జన్యువు అనుకోండి. అంకెలున్నవి ఎక్సాన్లు, అంటే ఎంఆర్ఎన్ఏలో మిగిలే ముక్కలు; నల్లవి ఇంట్రాన్లు, అంటే మధ్యలో తీసేసే ముక్కలు. ముందు పట్టీ మొత్తం ఆర్ఎన్ఏగా నకలవుతుంది. ఆ తర్వాత కేంద్రకంలోనే స్ప్లైసియోజోమ్ అనే యంత్రాంగం నల్లముక్కలు తీసేసి అంకెలను అతుకుతుంది. ఏదైనా అంకెను వదిలేసి అతికితే అది వేరే ఎంఆర్ఎన్ఏ. వరస మాత్రం మామూలుగా తారుమారు కాదు, పిల్లలు పొరబడేది ఇక్కడే.

ఆరు అంకెలే ఎందుకంటే, మన కాల్సిటోనిన్ జన్యువుకు ఉన్నవి ఆరు ఎక్సాన్లు. థైరాయిడ్‌లోని సి-కణాల్లో 1, 2, 3, 4 కలిసి, అక్కడితోనే పట్టీ ముగుస్తుంది: కాల్సిటోనిన్ హార్మోన్. నాడీకణాల్లో 4ను దాటేసి 1, 2, 3, 5, 6 కలుస్తాయి: రక్తనాళాలను వెడల్పు చేసే సీజీఆర్‌పీ అనే చిన్న ప్రొటీన్. ఎంత అందమైన ఏర్పాటో చూడండి!

ఏ ఎక్సాన్ ఉండాలో తేల్చేవి ఆర్ఎన్ఏను అంటిపెట్టుకునే ప్రొటీన్లు. అవి కణాన్ని బట్టి మారతాయి. కొన్ని జన్యువుల్లో నకలు మొదలయ్యే చోటు కూడా మారుతుంది.